డబ్బు పడిందని యంత్రానికి ఎవరు చెప్పాలి?

క్లుప్తంగా: యూపీఐతో డబ్బు తీసుకుని సరుకు ఇచ్చే యంత్రాన్ని తయారుచేయడం ఇప్పుడు ఇంజనీరింగ్ విద్యార్థుల చేతికి అందే పనే. మోటారు తిప్పడం, తెరమీద క్యూఆర్ చూపించడం తేలిక. డబ్బు నిజంగా వచ్చిందో లేదో తేల్చుకోవడం, తేలనప్పుడు ఏం చేయాలో ముందే ఖాయం చేసుకోవడం కష్టం. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో సిగ్నల్, కరెంటు ఈ కష్టాన్ని ఇంకాస్త పెంచుతాయి.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ ప్రాంతాల కాలేజీల్లో తెలుగు ఇళ్ళ పిల్లలు చాలామందే చదువుతున్నారు. కొందరివి తరతరాలుగా అక్కడే ఉన్న కుటుంబాలు. కొందరు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్ళి హాస్టళ్ళలో ఉంటారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా బ్యాచ్‌లు ఎంచుకునే వాటిలో యూపీఐ వెండింగ్ మెషిన్ ఒకటి. బటన్ నొక్కితే తెరమీద క్యూఆర్ వస్తుంది, ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బు పంపితే బిస్కెట్ ప్యాకెట్టో శానిటరీ ప్యాడో కింద పడుతుంది. చూసినవాళ్ళకు వచ్చే మొదటి సందేహం ఒకటే. కిరాణా కొట్టులో అంటించినట్టు దీనికీ ఒక స్కానర్ అంటిస్తే సరిపోదా, ఇందులో ప్రాజెక్టు ఏముంది?

సరిపోదు. కొట్టులో స్కానర్ వెనక ఒక మనిషి ఉంటాడు. సౌండ్‌బాక్స్ మూగబోతే కొనేవాళ్ళ ఫోన్ చూస్తాడు, మొహం చూస్తాడు, తెలిసినవాళ్ళయితే ‘సర్లే, తీసుకెళ్ళు’ అంటాడు. ఆ ‘సర్లే’ అనే తీర్పును యంత్రంలో ముందే రాసిపెట్టాలి. ప్రాజెక్టంతా అక్కడే ఉంది.

నాణెం మీద నడవని యంత్రాలు

డబ్బు వేస్తే వస్తువు ఇచ్చే యంత్రం మనకు కొత్తేం కాదు. రైల్వే స్టేషన్లలో రూపాయి వేస్తే బరువు చూపించి అట్టముక్క ఇచ్చే యంత్రం చాలామందికి గుర్తే. అవి పెద్దగా పెరగకపోవడానికి ఒక ముఖ్య కారణం మన నాణేలే. నాణెం గుర్తించే పరికరం దాని వ్యాసం, మందం, లోహాన్ని బట్టి విలువ తేలుస్తుంది. ఒకే విలువకు రకరకాల నాణేలు చలామణీలో ఉంటే ప్రతిదాన్నీ దానికి విడిగా నేర్పాలి. పది రూపాయల నాణెం ఒక్కటే 14 డిజైన్లలో ఉందని, అన్నీ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. అయినా సరిహద్దుకు అటూ ఇటూ చాలా కొట్లలో ‘పది బిళ్ళ వద్దు, నోటుంటే ఇవ్వండి’ అనే మాట పోలేదు. 2019లో 20 రూపాయల నాణెంతో కలిపి మరో కొత్త వరస వచ్చింది.

నోటు తీసుకునే యంత్రానికి ఖర్చు ఎక్కువ, దొంగనోట్ల బెడద అదనం. నోటు పెడితే చిల్లర ఇచ్చే యంత్రాల్లోకి దొంగనోట్లు వస్తున్నాయని రిజర్వు బ్యాంకే గమనించి, 2023లో యూపీఐ క్యూఆర్‌తో చిల్లర ఇచ్చే యంత్రాల పైలట్‌ను 12 నగరాల్లో 19 చోట్ల పెడతామని ప్రకటించింది. నాణేల కోసం పెట్టే యంత్రం కూడా నగదు తీసుకోలేని పరిస్థితి వచ్చిందంటే మిగతావాటి సంగతి చెప్పక్కర్లేదు.

2016లో మొదలైన యూపీఐ ఈ అడ్డంకిని తప్పించింది. 2023 ఆగస్టులో నెలకు 1,000 కోట్ల లావాదేవీలు దాటింది, 2025 ఆగస్టుకు 2,000 కోట్లు దాటింది. 2020 జనవరి నుంచి చెల్లింపు తీసుకున్నందుకు వ్యాపారి మీద పడే ఎండీఆర్ రుసుము లేకపోవడంతో పది రూపాయలు తీసుకోవడం కూడా గిట్టుబాటైంది. యంత్రం కట్టేవాళ్ళకు నాణేల పెట్టె, నోటు రీడర్, తాళం, చిల్లర అన్నీ తప్పాయి. యంత్రాన్ని నడిపే మెదడుగా వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. స్ప్రింగు తిప్పే మోటార్లు, చిన్న తెర, ఒక ఇనుప బీరువా కలిస్తే మెషిన్ రూపం వచ్చేస్తుంది.

స్కాన్ చేశాక జరిగేది

ఫోన్‌లో పిన్ కొట్టగానే ఆ కోరిక యాప్ వెనకున్న బ్యాంకు నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ స్విచ్‌కు వెళుతుంది. స్విచ్ కొనేవాళ్ళ బ్యాంకులో డబ్బు తీయిస్తుంది, అమ్మేవాళ్ళ బ్యాంకులో వేయిస్తుంది, రెండువైపులా కబురు పెడుతుంది. ఈ దారిలో యంత్రం ఎక్కడా లేదు. డబ్బు దాని గుండా పోదు. అయిపోయిన తర్వాత ఎవరో వచ్చి చెబితేనే దానికి తెలుస్తుంది. ఆ చెప్పేవాళ్ళు బ్యాంకు కావచ్చు, వ్యాపారుల తరఫున ఆన్‌లైన్ చెల్లింపులు అందుకునే పేమెంట్ గేట్‌వే సంస్థ కావచ్చు.

క్యూఆర్ రెండు రకాలు. కొట్టు గోడకు అంటించేది స్టాటిక్. అందులో ఖాతా చిరునామా మాత్రమే ఉంటుంది, మొత్తం కొనేవాళ్ళే కొడతారు. పది రూపాయలు వచ్చినట్టు తెలిసినా, అవి ఇప్పుడు మెషిన్ ముందు నిలబడ్డవారివో, హాస్టల్ గదిలో కూర్చుని క్యూఆర్ ఫొటోకు పంపిన స్నేహితుడివో తెలియదు. డైనమిక్ క్యూఆర్ ఒక్కో కొనుగోలుకు కొత్తగా పుడుతుంది. మొత్తం, ఆర్డరు నంబరు అందులోనే ఉంటాయి, కాసేపటికి గడువు తీరిపోతుంది. యంత్రానికి పనికొచ్చేది ఇదే. పైన ఇంకొకరి స్టిక్కర్ అంటించి డబ్బు మళ్ళించే మోసం కూడా మారుతూ ఉండే తెరమీద అంత తేలిగ్గా సాగదు.

ఇక్కడే చాలా బ్యాచ్‌లను తిప్పలు పెట్టే చిన్న విషయం ఒకటుంది. ప్రాజెక్టు కిట్లలో వచ్చే ఒక అంగుళం లోపు తెరకు నిలువునా 64 చుక్కలే (పిక్సెళ్ళే) ఉంటాయి. చిరునామా, పేరు, మొత్తం, ఆర్డరు నంబరు కలిపితే క్యూఆర్‌లో పెట్టాల్సిన యూపీఐ వరస 100 అక్షరాలు దాటుతుంది. 106 అక్షరాలు మించిందంటే క్యూఆర్‌కు ఒక్కో వైపు కనీసం 41 గళ్ళు కావాలి. అంటే ఒక్కో గడికి ఒక్క చుక్కే మిగులుతుంది, ఫోన్ కెమెరా దాన్ని పట్టుకోదు. కోడ్ తప్పనుకుని రాత్రంతా వెతికేవాళ్ళు మార్చాల్సింది తెరను.

అడ్డదారి

గేట్‌వే సంస్థలు టెస్ట్ మోడ్‌ను ఉచితంగానే ఇస్తాయి. అసలు డబ్బు తీసుకోవాలంటే మాత్రం పాన్, బ్యాంకు ఖాతా, వ్యాపార వివరాలతో కేవైసీ కావాలి. విద్యార్థుల దగ్గర అవేమీ ఉండవు. అందుకే ఒక అడ్డదారి బాగా ప్రచారంలో ఉంది. పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ను మెషిన్‌లో పెట్టి, అందులో వచ్చే బ్యాంకు మెసేజినో యాప్ నోటిఫికేషన్‌నో ఒక చిన్న ప్రోగ్రాంతో చదివించి, ‘జమ అయింది’ అనే మాట కనబడగానే బ్లూటూత్ ద్వారా మోటారు తిప్పించడం.

ఎక్స్‌పోలో ఇది చక్కగా పనిచేస్తుంది. బయట పెడితే కొన్నాళ్ళకే కష్టాలు మొదలవుతాయి. బ్యాటరీ ఆదా పేరుతో ఫోన్ ఆ ప్రోగ్రాంను నిద్రపుచ్చుతుంది. ఇద్దరు ఒకే మొత్తం పంపితే ఎవరిది ఎవరిదో తెలియదు. ప్రోగ్రాం అక్షరాలను మాత్రమే చూసి, పంపిన నంబరును చూడకపోతే, ఎవరైనా తమ ఫోన్ నుంచి అచ్చం బ్యాంకు భాషలో మెసేజి పంపి సరుకు లాగేయవచ్చు.

ఖాతా బ్యాచ్‌లో ఒకరి సొంతదైతే చిక్కు ఇంకా పెద్దది. కొన్నవాళ్ళలో ఒకరి డబ్బు ఏదో ఆన్‌లైన్ మోసంలోంచి వచ్చినదైతే, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి అందిన ఫిర్యాదు ఆ డబ్బు అడుగుజాడల్లో ఈ ఖాతా దాకా రావచ్చు, అందులో కొంత సొమ్మును బ్యాంకు ఆపేయవచ్చు. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్టుకు ఇంత టెన్షన్ ఎవరికీ అక్కర్లేదు.

గేట్‌వే ద్వారా సరైన దారిలో వెళ్ళినవాళ్ళకూ తలుపు ఒకచోట తెరిచే ఉండిపోతుంది. డబ్బు అందగానే గేట్‌వే మన సర్వర్‌కు కబురు పంపుతుంది. ఆ కబురు మీద రహస్య తాళంతో చేసిన సంతకం ఉంటుంది. దాన్ని సరిచూడకపోతే సర్వర్ చిరునామా తెలిసినవారెవరైనా దొంగ కబురు పంపగలరు. సర్వర్ నుంచి మెషిన్‌కు ఆజ్ఞ వెళ్ళే దారి కొన్ని ప్రాజెక్టుల్లో ఇంకా బలహీనం. ఎవరైనా వాడుకోగల పబ్లిక్ బ్రోకర్ (పరికరాల మధ్య మెసేజ్‌లు చేరవేసే సర్వర్) మీద, పాస్‌వర్డ్ లేకుండా, తేలిగ్గా ఊహించగల పేరుతో ‘ఇవ్వు’ అనే మాట పంపుతారు. ఆ పేరు ఊహించినవాళ్ళందరికీ సరుకు ఉచితమే.

పెండింగ్ అనే మూడో జవాబు

డబ్బు వచ్చిందా అన్న ప్రశ్నకు అవుననో కాదనో జవాబు వస్తే పని తేలికే. యూపీఐ మూడోది కూడా చెబుతుంది: పెండింగ్. కొనేవాళ్ళ ఖాతాలో డబ్బు కట్ అయ్యాక అటువైపు బ్యాంకు నుంచి జవాబు రాకపోతే ఈ స్థితి వస్తుంది. వ్యాపారికి చేసిన చెల్లింపులో డబ్బు కట్ అయి, అందినట్టు ధ్రువీకరణ రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు కాక 5 రోజుల్లోగా తిరిగి జమ కావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. కొనేవాళ్ళకు అది ధీమా. మెషిన్ ముందు ఆకలితో నిలబడ్డవారికి మాత్రం ఆ 5 రోజులు పనికిరావు.

యంత్రం ముందు రెండు దారులున్నాయి. అనుమానం ఉన్నా సరుకిచ్చేస్తే డబ్బు తిరిగి వెళ్ళిపోయి నష్టం రావచ్చు. ఆపితే డబ్బు పోయిందన్న గొడవ వస్తుంది. పది రూపాయల సరుకుకు మొదటిది, వంద రూపాయల సరుకుకు రెండోది పెట్టుకోవచ్చన్న వాదన ఉంది. మొదటిది వినడానికి ఉదారంగా ఉంటుంది కానీ, పెండింగ్ పడేలా చేసే చిట్కా ఒకరికి దొరికితే హాస్టల్ అంతా పాకడానికి ఒక సాయంత్రం చాలు. ఆపడమే మేలు. ఆపి, ఆర్డరు నంబరు తెరమీద చూపి, గడువు దాటాక డబ్బు వస్తే సర్వరే దాన్ని వెనక్కి పంపేలా రాసుకోవాలి.

‘వచ్చిందా, వచ్చిందా’ అని క్షణానికోసారి అడగడం విద్యార్థుల కోడ్‌లో మామూలు. దేశం మొత్తం మీద ఈ అలవాటు ఏం చేస్తుందో 2025 ఏప్రిల్ 12న కనబడింది. ఆ రోజు యూపీఐ గంటలపాటు తడబడటానికి, లావాదేవీ స్థితిని అడిగే ప్రశ్నలు బ్యాంకుల నుంచి వెల్లువెత్తడమే కారణమని ఎన్‌పీసీఐ తేల్చింది. ఆ తర్వాత నిబంధనలు బిగించింది. 2025 ఆగస్టు నుంచి పెండింగ్ లావాదేవీ స్థితిని యాప్‌లో 90 సెకన్ల ఎడంతో 3 సార్లే చూడగలం. కాబట్టి మెషిన్ కబురు కోసం కాచుకుని ఉండాలి, మరీ రాకపోతే ఒకటి రెండుసార్లు అడగాలి.

కబురు రావడంతో కథ అయిపోదు. గేట్‌వే ఒకే కబురును రెండుసార్లు పంపడం మామూలే. మొదటిదానికి జవాబు అందలేదనుకుంటే మళ్ళీ పంపుతుంది. ఆర్డరు నంబరు గుర్తుపెట్టుకోని మెషిన్ రెండు ప్యాకెట్లు వదులుతుంది. ఇక కరెంటు. డబ్బు అందిన క్షణంలో, మోటారు తిరగకముందే కరెంటు పోతే ఏమిటి? దీనికి తెలిసిన పద్ధతి ఒకటుంది. ముందు ‘చెల్లింది’ అని మెమరీలో రాయాలి, ఆ తర్వాత మోటారు తిప్పాలి, కింద పెట్టిన ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ సరుకు పడిందని చూశాక ‘ఇచ్చేశాం’ అని రాయాలి. కరెంటు తిరిగొచ్చినప్పుడు చెల్లి కూడా ఇవ్వని ఆర్డరేమైనా ఉందా అని మొదట వెతకాలి. అయినా ఒక సందు మిగులుతుంది. సరుకు పడ్డాక, ‘ఇచ్చేశాం’ అని రాసేలోపు కరెంటు పోతే మెషిన్ మళ్ళీ ఇస్తుంది లేదా డబ్బు వెనక్కి పంపుతుంది. ఎంత తెలివిగా రాసినా ఈ సందు పూర్తిగా మూసుకోదు. అప్పుడు నష్టం కొట్టువాడిదా, కొన్నవాడిదా అన్నది మాత్రం బ్యాచ్ చేతిలో ఉంటుంది. కొట్టువాడిదే కావాలి, ఎందుకంటే కొన్నవాడికి అడగడానికి అక్కడ మనిషి లేడు.

ఆ సెన్సర్ ఖరీదు తక్కువని, డెమోలో దాని అవసరం రాదని వదిలేస్తుంటారు. స్ప్రింగులో ప్యాకెట్టు ఇరుక్కున్న రోజు దాని విలువ తెలుస్తుంది.

సరిహద్దులో సిగ్నల్

డబ్బు దారికి రాష్ట్రాల హద్దు లేదు. పాతపట్నం ఖాతా నుంచి పర్లాకిమిడి మెషిన్‌కు పంపినా, బరంపురం ఖాతా నుంచి పంపినా యూపీఐకి ఒకటే. టెలికాంకు మాత్రం హద్దు ఉంది. ఆంధ్ర ఒక సర్కిల్ (సేవా ప్రాంతం), ఒడిశా మరొకటి. పర్లాకిమిడికి ఆంధ్ర పొలిమేర కూతవేటు దూరమే. అలాంటిచోట సిమ్ ఒకసారి ఇటు టవర్‌ను, ఒకసారి అటు టవర్‌ను పట్టుకుంటుంది. ఫోన్ చేతిలో ఉన్నవారికి మూలన రోమింగ్ గుర్తు కనబడి పోతుంది, అంతే. యంత్రం అక్కడే చిక్కుకుంటుంది. మెషిన్‌లో సిమ్ పెట్టే జీఎస్‌ఎం మాడ్యూల్ నెట్‌వర్క్ దొరికిందని చెప్పేటప్పుడు సొంత సర్కిల్లో ఉంటే 1, రోమింగ్‌లో ఉంటే 5 అనే అంకె పంపుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే నమూనా కోడ్‌లు కొన్ని 1 కోసమే చూస్తాయి. 5 వస్తే నెట్‌వర్క్ లేదనుకుని అక్కడే ఆగిపోతాయి. సిగ్నల్ నిండుగా ఉన్నా మెషిన్ మొరాయిస్తుంటే మొదట చూడాల్సింది కోడ్‌లోని ఈ వరసనే.

మాడ్యూల్ ఎంపిక మరో మెలిక. చవగ్గా దొరికే సిమ్800ఎల్ మాడ్యూల్ 2జీ మీద మాత్రమే పనిచేస్తుంది. జియోకు 2జీ లేదు కాబట్టి జియో సిమ్ అందులో పనికిరాదు. పైగా సిగ్నల్ పంపే క్షణంలో అది 2 ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుంది. బోర్డు నుంచే వైరు లాగి కరెంటిస్తే, సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట మాటిమాటికీ రీసెట్ అవుతుంది. 4జీ మాడ్యూల్‌కు ఖర్చెక్కువ అయినా ఇక్కడ పొదుపు పనికిరాదు. కాలేజీ వైఫై వాడదామంటే చాలాచోట్ల లాగిన్ పేజీ అడ్డొస్తుంది. యూజర్ నేమ్ కొట్టి బటన్ నొక్కడానికి మెషిన్‌కు బ్రౌజర్ లేదు. దాని చిరునామాను నెట్‌వర్క్ చూసేవాళ్ళు విడిగా అనుమతించాలి.

తుపాన్ల సంగతీ లెక్కలోకి రావాలి. 2018 అక్టోబరులో తిత్లీ గంజాం, గజపతి, శ్రీకాకుళం జిల్లాలను దెబ్బతీసినప్పుడు కరెంటు స్తంభాలు కూలి, కొన్నిచోట్ల రోజుల తరబడి కరెంటు, ఫోన్లు రెండూ లేవు. అలాంటప్పుడు మెషిన్ చేయాల్సిన పని ఒక్కటే, క్యూఆర్ చూపించకపోవడం. నెట్ లేకుండా తెరమీద పాత క్యూఆర్ వదిలేస్తే, సిగ్నల్ ఉన్న ఫోన్లవాళ్ళు డబ్బు పంపుతూనే ఉంటారు.

ఖాతా, రుసుము, కాగితాలు

ఎండీఆర్ సున్నా అంటే అంతా ఉచితమని కాదు. గేట్‌వే సంస్థలు తమ సేవకు విడిగా తీసుకుంటాయి. 2 శాతం అనుకుంటే పది రూపాయల మీద 20 పైసలు, దానిపై 18 శాతం జీఎస్‌టీ కలిపితే 24 పైసల దాకా పోతుంది. ప్యాకెట్టు మీద మిగిలేదే రూపాయి అటూఇటూ అయితే అందులో పావలా వంతు ఇక్కడే ఖర్చు. మెషిన్ ఖరీదు తిరిగి రావడం ఆ మిగిలిన ముప్పావలా మీద ఆధారపడుతుంది. అందుకే కాలేజీ దాటి బయటికొచ్చే ప్రాజెక్టులు బిస్కెట్ల కంటే ప్యాడ్లు, రికార్డు పుస్తకాలు, ఛార్జర్ కేబుళ్ళ వంటి ఎక్కువ మిగులున్న సరుకు వైపు చూడటం సబబు. తినే సరుకు పెడితే ఆహార భద్రతను చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కూడా కావాలి.

ఖాతా కాలేజీ పేరున ఉంటే కేవైసీ బాధ తీరుతుంది. మెషిన్ మీద ఒక ఫోన్ నంబరు రాసి, అది ఎత్తే మనిషిని పెట్టాల్సిన బాధ్యత కూడా కాలేజీదే అవుతుంది. బ్యాచ్ పాసై వెళ్ళిపోయాక ఆ నంబరు ఎవరిదన్నది ప్రాజెక్టు రిపోర్టులో సాధారణంగా ఉండదు.

ఫోన్ చేతిలో లేనివాళ్ళు

ఈ యంత్రాలు మేలు చేసే చోట్లు తేలిగ్గానే తడతాయి. రాత్రి పూట ఆస్పత్రి, బస్టాండు, అమ్మాయిల హాస్టల్. చిన్న మొత్తాలకు యూపీఐ లైట్ (యాప్‌లో ముందే కొంత డబ్బు వేసుకునే పద్ధతి) వాడితే పిన్ అక్కర్లేదు, ప్రతిసారీ బ్యాంకు ప్రధాన సర్వర్ దాకా వెళ్ళే పనిలేదు కాబట్టి ఫెయిలయ్యే అవకాశమూ తగ్గుతుంది. 2024లో దాని పరిమితిని ఒక్కో లావాదేవీకి 500 నుంచి 1,000 రూపాయలకు పెంచారు. అదే ఏడాది వచ్చిన యూపీఐ సర్కిల్‌తో ఖాతా లేని పిల్లలు ఇంట్లోవాళ్ళ ఖాతా నుంచి పరిమితి మేరకు ఖర్చుపెట్టగలరు. రెండిటికీ చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండాలి.

రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల్లో గిరిజన విద్యార్థుల హాస్టళ్ళు చాలా ఉన్నాయి. బడి పిల్లలకు అక్కడ సొంత ఫోన్లు ఉండవు. ప్యాడ్ల మెషిన్ అవసరం ఎక్కువగా ఉన్నది వాళ్ళకే, యూపీఐ మెషిన్ అక్కరకు రానిదీ వాళ్ళకే. తెరమీద తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ పెట్టినా ఈ లోటు తీరదు. ఇలాంటిచోట హాస్టలే ముందుగా డబ్బు వేసి ఇచ్చే ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు (దగ్గర పెడితే మెషిన్ చదివే కార్డు) నయం. బ్యాలెన్సు లెక్క మెషిన్‌లోనే ఉంచుకుంటే సిగ్నల్‌తో, పెండింగ్‌తో పని ఉండదు. అమ్మేవాళ్ళే తమ సరుకు కోసమే ఇచ్చే ఇలాంటి కార్డును రిజర్వు బ్యాంకు క్లోజ్డ్ సిస్టమ్‌గా చూస్తుంది, దానికి విడిగా అనుమతి అడగదు. హాస్టల్ తన సరుకు తనే అమ్మినంతకాలం ఇది చెల్లుతుంది. విద్యార్థుల బ్యాచ్ కార్డులిచ్చి వాటితో పక్క కొట్టువాడి సరుకు అమ్మడం మొదలుపెడితే అది రిజర్వు బ్యాంకు అనుమతి కావాల్సిన వేరే తరగతిలోకి పోతుంది.